దవడ దించావా?

జూన్ 12, గురువారం

బళ్ళు తెరిచారు. కొత్త హెల్మెట్‌తో మొదటి రోజు. తల మీద నిండు బిందె మోసినట్టుంది.

నేను అడగలేదు. ఈయనే పది రోజులు ఫోన్‌లో వెతికి వెతికి తెప్పించారు. ఎర్ర బటన్ నొక్కి పైకి లాగితే గడ్డం ముందుండే భాగమంతా నెత్తి మీదికి లేస్తుంది. కిందికి లాగితే టక్. ముఖం మొత్తం మూత. దానికి ఇంగ్లీషులో పేరేదో ఉంది. మా ఇంట్లో మాత్రం దవడ. ఫిబ్రవరిలో ఈయన దవడ విరిగిన దగ్గర్నుంచి ఇంట్లో ఏ మాటయినా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.

గేటు దగ్గర నిలబడి — "దించావా?"

దించాను.

"ఏదీ, చూడనీ."

దించానండీ బాబూ!

నిడదవోలు నుంచి మా బడికి పద్నాలుగు కిలోమీటర్లు. అంతా కాలవ గట్టే. దారి పొడుగునా నా ఊపిరి నాకే వినిపించింది.

జూన్ 13, శుక్రవారం

బొట్టు హెల్మెట్ లోపలి మెత్తకి అంటుకుపోయింది. రెండో తరగతి పిల్ల అడిగేదాకా చూసుకోలేదు. పెట్టుడు బొట్లు బ్యాగులో వేసుకోవాలి.

జూన్ 14, శనివారం

దవడ ఎత్తి హెల్మెట్ పెట్టాలి. బెల్టు బిగించాలి. అప్పుడు కళ్ళజోడు. అప్పుడు దవడ దించాలి. ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికే. ఎనిమిదింటికి చేతిలో క్యారేజీ, భుజాన బ్యాగు, పైన ఈయన చూపు. జడ ముడి ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియలేదు. కిందికి వేస్తే మెడకి అడ్డం, పైకి వేస్తే తల పట్టదు. మల్లెపూలకి ఇక నమస్కారం.

జూన్ 17, మంగళవారం

కొంప మునిగింది. స్కూలు కమిటీ వెంకాయమ్మ గారు పొద్దున్నే బడికి వచ్చారు. "టీచరమ్మ గారికి మా మీద కోపమేంటండీ? నాలుగు రోజులుగా ఎదురుపడతన్నా మొహం చాటేసుకుని పోతన్నారంట. మా ఆయన చెప్పాడు. ఆయ్, చెప్పండి, ఏం తప్పు చేశాం?"

హెల్మెట్ చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే తలకాయైనా ఊపాలి కదండీ" అన్నారు.

ఊపాను తల్లీ. ఇంత బుర్రలో ఊపితే ఎవరికి కనపడుతుంది? మా వైపు ఎదురుపడ్డ మనిషిని పలకరించకుండా పోతే దెబ్బలాడినట్టే లెక్క. పళ్ళు కనపడాలి. "బాగున్నారా" అని పెదవి కదలాలి. ఊళ్ళో పన్నెండేళ్ళు సంపాదించుకున్న మంచితనం నాలుగు రోజుల్లో పోయేలా ఉంది.

రేపట్నుంచి ఊరు మొదట్లోకి రాగానే ఎత్తేస్తాను.

జూన్ 19, గురువారం

ఊరు మొదట్లో అనుకున్నదాన్ని. ఇవాళ కాలవ లాకుల దగ్గరే ఎత్తాను. అక్కడినుంచీ మనుషులు తగులుతూనే ఉంటారు మరి. ఎన్నిసార్లు ఆగి ఎత్తను, ఎన్నిసార్లు దించను?

ఎత్తి నడపకూడదని పెట్టెలో వచ్చిన కాగితంలో రాసుంది. గాలి కొడితే తలని వెనక్కి లాగేస్తుంది. అయినా గాలి... అబ్బ, గాలి!

ఇంటి మలుపు దగ్గర ఆగి దించుకుని వచ్చాను. గేటు దగ్గరే ఉన్నారు.

జూన్ 20, శుక్రవారం

సాయంత్రం లాకుల దగ్గర సూర్రావు గారి టీ బండి. ఈ హెల్మెట్ వల్ల ఒక్క సుఖం — తీయకుండానే టీ తాగొచ్చు. దవడ ఎత్తి, బండి మీద కూర్చునే.

ఆయన రోజూ అడిగేదే. "మూర్తిబాబు ఎలా ఉన్నారమ్మా? మాట వచ్చిందా?"

వస్తోందండీ.

"నాకు దండం పెట్టబోయే కదమ్మా..."

ఇదీ రోజూ ఉన్నదే. ఇద్దరం కాసేపు కాలవ వైపు చూస్తాం.

అందులో అబద్ధం లేదు. ఈయన బండి మీద వెళుతుంటే కుడిచెయ్యి మాత్రమే హ్యాండిల్ మీద, ఎడమ చెయ్యి ఊళ్ళో వాళ్ళకి. ఇరవై నాలుగేళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి. ఎవరి కూతురి పెళ్ళికి ఏ రంగు చీర ఇచ్చారో కూడా గుర్తే. ఆ రోజు పెళ్ళివారికి చీరలు ఇచ్చి వస్తున్నారు. సూర్రావు గారు "ఏం మూర్తిబాబూ!" అని కేకేశారు. ఈయన చెయ్యెత్తి, తల తిప్పి, నవ్వుతూ వెళ్ళి కంకర కుప్పకి కొట్టారు. తలకి చిన్న టోపీ లాంటి హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. కింది దవడ రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు పళ్ళకి తీగలు కట్టి, గొట్టంతో జావ.

నవ్వుతూ పడ్డ మనిషి మళ్ళీ నవ్వలేదు.

జూన్ 24, మంగళవారం

వాన. దించితే ఊపిరికి అద్దమూ కళ్ళజోడూ రెండూ మసక. ఎత్తితే నోట్లో వాన. సగం ఎత్తి ఉంచుదామంటే గతుకు రాగానే టక్కుమని పడిపోతుంది. ముక్కు మీద పడింది.

బడికి వెళ్ళేసరికి హాజరు ఫోటో తీసే ఫోన్‌కి నేను ఎవరో తెలియలేదు. మూడుసార్లు తీస్తే గానీ ఒప్పుకోలేదు. నా మొహం నాకే గుర్తుండట్లేదు, దానికేం తెలుస్తుంది.

జూన్ 30, సోమవారం

కొట్టు నుంచి మరిది సత్తిబాబు ఫోన్. "శ్రావణమాసం వచ్చేస్తోంది వదినా. వచ్చినవాళ్ళందరూ అన్నయ్యనే అడుగుతున్నారు. ఊరికే వచ్చి గల్లా దగ్గర కూర్చోమనండి. మాట్లాడక్కర్లేదు."

చెప్పాను. ఈయన టీ తాగుతున్నారు — మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, గోడ వైపు తిరిగి. కింది పెదవికి స్పర్శ లేదు. కారినా తెలియదు. డాక్టరు గారు "వస్తుంది, టైము పడుతుంది" అంటారు. ఎంత టైమో అనరు. తువ్వాలు లేకుండా, నేను కాక ఇంకొకరి ముందు, ఫిబ్రవరి తరవాత ఒక్క చుక్క తాగలేదు.

"చూద్దాం" అన్నారు. అంతే.

అలిసిపోయాను. ఈ చూద్దాంలు మొయ్యలేక.

జూలై 3, గురువారం

దొరికిపోయాను.

సాయంత్రం హెల్మెట్ తుడవడం ఈయన పని. ఇంట్లో ఈయన కోరి చేసే పని అదొక్కటే. నాట్ల రోజులు, ట్రాక్టర్ చక్రాల బురద రోడ్డంతా. గుడ్డ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"బురద లోపలి వైపు పడింది."

చారుకి పోపు వేస్తున్నాను. తిరగలేదు.

"దించి ఉంటే లోపలికి ఎలా వస్తుంది? రోజూ దించానని చెబుతున్నావు. నా కళ్ళలోకి చూసి చెబుతున్నావు. నేను చెయ్యెత్తి పడ్డాను. నువ్వు దవడెత్తి పడతావా? ఇంట్లో ఒకళ్ళు చాలదా?"

ఐదు నెలల్లో ఇంత పొడుగు మాట వినలేదు. చివరికి వచ్చేసరికి గడ్డం మీదికి కారింది. చూసుకుని, మోచేత్తో తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయారు.

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. అంత మాట్లాడారని లోపల్లోపల సంతోషం కూడా వేసింది. పోపు మాడింది.

జూలై 4, శుక్రవారం

దించుకునే వెళ్ళాను. దించుకునే వచ్చాను. వెంకాయమ్మ గారు ఏమన్నా అనుకోనీ.

జూలై 7, సోమవారం

మెడ పట్టేసింది. పక్కకి తిరగాలంటే మనిషినంతా తిప్పాలి. డాక్టరమ్మ గారు హెల్మెట్‌ని చేత్తో ఎత్తి చూసి, "ఇంత బరువా! పది రోజులు బండి నడపొద్దండీ" అన్నారు. షేర్ ఆటోలు లాకుల దాకానే. అక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు నడక.

"మంచిది, సెలవు పెట్టు" అంటారనుకున్నాను ఈయన. స్కూటీ టైర్లలో గాలి చూసి వచ్చారు.

జూలై 9, బుధవారం

పొద్దున్నే స్కూటీ తాళం ఈయన చేతిలో ఉంది. "నేను దింపుతాను."

నా హెల్మెట్ ఈయన పెట్టుకున్నారు. నాకు సత్తిబాబుది తెప్పించారు. దవడ టక్. రెండు చేతులూ హ్యాండిల్ మీదే. ఇరవై దాటలేదు స్పీడు. పాల క్యాన్ల సైకిలాయన మమ్మల్ని దాటి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు ఆపుకున్నాను, మెడ నొప్పిలోనే.

లాకుల దగ్గర సూర్రావు గారు స్కూటీని గుర్తుపట్టారు. బండి వదిలేసి రోడ్డు మీదికి వచ్చేశారు, భుజం మీద తువ్వాలు చేతిలోకి తీసుకుని. నోరు తెరిచారు, పిలవలేదు.

ఈయన ఆగలేదు. ఎత్తలేదు. తల కూడా తిప్పలేదు. నేనే వెనకనుంచి చెయ్యెత్తాను. కనుమరుగయ్యేదాకా ఆ ముసలాయన అక్కడే నిలబడి ఉన్నారు.

బడి దగ్గర దిగి అన్నాను — సూర్రావు గారు మిమ్మల్ని చూశారండీ.

"నన్ను కాదు. హెల్మెట్‌ని చూశాడు."

జూలై 18, శుక్రవారం

మెడ తగ్గింది. స్కూటీ నాకు తిరిగి వచ్చింది. సాయంత్రం అయ్యేసరికి హెల్మెట్ మాత్రం ఈయనది.

నేను రాగానే అది పెట్టుకుని బయటికి వెళ్ళిపోతున్నారు. కూరలు తెస్తున్నారు, రైతు బజారులో కూడా తీయకుండానే. బెండకాయలమ్మే ఆవిడ "ఉడికిపోతారండీ, తీయండి" అంటే వేళ్ళు చూపించి అరకిలో తెచ్చుకున్నారట. ఈ మాట పక్కింటావిడ చెప్పింది, నవ్వుతూ. ఆవిడకి అది ఈయనని తెలియదు.

గడప దాటారు, అదే పదివేలు. అలా అనుకుని ఊరుకుంటున్నాను.

జూలై 23, బుధవారం

లోపలి మెత్తలు ఉతికి ఆరేశాను. రాత్రంతా ఫ్యాను కింద పెడితే గానీ ఆరవు ఈ తేమకి. నా చెమటా ఆయన చెమటా ఒకే వాసన.

జూలై 25, శుక్రవారం

శ్రావణమాసం మొదటి శుక్రవారం. సత్తిబాబు పొద్దున కొట్టు తీయకముందే ఇంటికి వచ్చాడు. ఈయన స్నానానికి వెళ్ళేదాకా మంచినీళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

"వారం రోజులుగా ఒకాయన కొట్టు ఎదురుగా నిలబడుతున్నాడు వదినా. సాయంత్రం ఆరింటికి. పది నిమిషాలు చూసి పోతాడు. హెల్మెట్ తీయడు. దొంగేమో అనుకున్నాను."

బాత్రూం తలుపు వైపు చూశాను.

"నిన్న మెట్టెక్కాడు. నేను బిజీగా ఉండి, హెల్మెట్ తీసి రండి సార్, బోర్డు ఉంది కదా అన్నాను. ఆగిపోయాడు. బోర్డు చూశాడు. వెనక్కి తిరిగాడు. నడిచేటప్పుడు తెలిసింది వదినా. అప్పటికే మెట్లు దిగిపోయాడు."

ఆ బోర్డు రాసింది ఈయనే. పోయినేడాది ఎవరో హెల్మెట్ పెట్టుకుని వచ్చి రెండు పట్టు చీరలు ఎత్తుకుపోతే, ఎర్ర రంగు తెచ్చి తన చేత్తోనే రాశారు. 'హెల్మెట్ తీసి లోపలికి రావలెను.'

సత్తిబాబు కళ్ళు తుడుచుకుని లేచాడు. "బోర్డు తీసేశాను. అన్నయ్యకి చెప్పకండి."

జూలై 27, ఆదివారం

చెప్పేశాను. కడుపులో దాచుకునే శక్తి లేదు నాకు.

మీ కొట్టు ముందు మీరే దొంగలా నిలబడితే ఎలాగండీ?

ఈయన తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నారు. తరవాత — "పట్టు అనలేను. పావడా అనలేను. చీర విప్పి చూపిస్తూ దాని మీద కారిస్తే? ఎవరు కొంటారు?"

వాళ్ళు మనవాళ్ళే కదండీ. ఏమీ అనుకోరు.

"అదే నాకొద్దు. ఏమీ అనుకోనట్టు నటిస్తారు చూడు, అది."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. దవడ దించు దించు అని రోజూ నా ప్రాణం తీస్తారు. నా మొహం కాపాడటానికా, మీ మొహం దాచుకోవడానికా ఆ హెల్మెట్ కొన్నది?

అన్నం దగ్గర ఇద్దరమూ మాట్లాడుకోలేదు. నాకు విసుగొచ్చేసింది. బడి, ఇల్లు, గతుకులు, ఈ మౌనం, తల మీద ఈ బరువు. ఎవరి మీద అరవాలో తెలియక ఈయన మీద అరిచాను. అరిచాక ఇంకా నీరసం.

ఆగస్టు 1, శుక్రవారం

లాకుల దగ్గర ఆగాను. టీ ఇస్తూ సూర్రావు గారు ఇవాళ ఈయన గురించి అడగలేదు. అప్పుడు గమనించాను — ఆయన అసలు ఎవరినీ కేకెయ్యట్లేదు. ఒకప్పుడు లాకులు దాటే ప్రతి బండినీ పేరు పెట్టి కేకేసే మనిషి. ఆ కేకలకే సగం మంది ఆగి టీ తాగేవాళ్ళు.

ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?

"బానే ఉందమ్మా. మూర్తిబాబు పడ్డ కాడ్నించి రోడ్డు మీద పోయేవాణ్ణి పిలవట్లేదు. భయమేస్తంది. పిలవగానే తిరుగుతారు కదా."

ఆరు నెలలుగా ఆగుతున్నాను ఇక్కడ. ఎప్పుడూ గమనించలేదు. నా కష్టం నాకే చాలా పెద్దదైపోయింది.

ఇంటికి వచ్చి ఈయనకి ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అద్దం తుడుస్తున్నారు. తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయారు.

ఆగస్టు 4, సోమవారం

వాన. మసక. ఏమీ లేదు రాయడానికి.

ఆగస్టు 6, బుధవారం

బ్యాంకు పని ఉందని ఈయనే స్కూటీ మీద బడికి దింపి వెళ్ళారు. లాకుల దగ్గర మామూలే, ఆగలేదు. సాయంత్రం మా బడి పిల్లాడి తల్లి ఒకావిడ తన బండి మీద నిడదవోలు దాకా దింపింది.

ఇంటికి వచ్చేసరికి ఈయన పడుకుని ఉన్నారు. హెల్మెట్ మేకుకి వేలాడుతోంది. దవడ ఎత్తి ఉంది. ఈయన ఎప్పుడూ దించే తగిలిస్తారు.

ఉతకడానికి చొక్కా తీశాను. ముందు వైపంతా టీ మరక. మెడ దగ్గర మొదలై మూడో బొత్తాం దాకా.

ఇంట్లో అయితే తువ్వాలు ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ చొక్కా మీద పడలేదు.

బాత్రూంలో బకెట్ తిరగేసి దాని మీద కూర్చుని ఏడ్చాను. ఫిబ్రవరినుంచి ఏడవనిదంతా. చొక్కా తడపలేదు. మడత పెట్టి నా బీరువాలో పెట్టుకున్నాను. ఈయన అడిగితే చిరిగిపోయిందని చెప్పాలి.



ఆగస్టు 7, గురువారం

దవడ దించుకునే వెళుతున్నాను. అంత మందం లోంచి కూడా వినిపించింది, లాకులు ఇంకా రాకముందే. సూర్రావు గారు ఎవరినో కేకేస్తున్నారు. "ఏం రాంబాబూ!"

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. సెలవు పెట్టాను.

తొమ్మిదింటికి పీట మీద కలశం పెడుతుంటే ఈయన గడ్డం గీసుకుని వచ్చారు. గడ్డం పెంచి దాచిన మచ్చ, చెవి కింద నుంచి గడ్డం దాకా, మొత్తం బయటికి. కొత్త చొక్కా. జేబులో చేతిరుమాలు, రెండోది చేతిలో.

"సత్తిబాబు ఒక్కడే ఉంటాడు ఇవాళ. జనం బాగా వస్తారు."

అవునండీ అన్నాను. తోరం కట్టించుకుంటారా అంటే చెయ్యి చాపారు. పసుపు చేత్తోనే కట్టాను.

హెల్మెట్ పెట్టుకున్నారు. దవడ దించలేదు.

స్కూటీ తీశాక గేటు దాకా పరిగెత్తాను. నా నోటినుంచి ఆ మాటే వచ్చింది, నాకు తెలియకుండానే — దవడ దించారా?

నా వైపు చూశారు. మొహం మొత్తం కనిపిస్తోంది. పెదవి ఒక పక్కకి వంకరపోయింది. నవ్వేననుకుంటాను. "మలుపు తిరిగాక."

మలుపు దగ్గర ఇస్త్రీ బండి. ఇస్త్రీ చేసే అప్పారావు పెట్టె వదిలేసి రోడ్డు మీదికి వచ్చాడు. "బాబుగారూ! ఎన్నాళ్ళకండీ!"

ఈయన ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలింది. పైకి లేచింది. తల తిరిగింది. స్కూటీ ఒకసారి అటు, ఒకసారి ఇటు...

మలుపు తిరిగిపోయారు.

అప్పారావు రోడ్డు మీదే నిలబడి అటే చూస్తున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. అంటే ఏమీ కాలేదనే. కాలేదు. ఆ చెయ్యి మళ్ళీ లేస్తే చాలని ఆరు నెలలు మొక్కుకున్నాను. లేచింది. గేటు ఇంకా వెయ్యలేదు.

కొట్టుకి ఏడు నిమిషాలు. నలభై నిమిషాలైంది. ఈయన ఫోన్ తీయట్లేదు. సత్తిబాబూ తీయట్లేదు. శుక్రవారం కదా, కొట్టు నిండా ఆడవాళ్ళుంటారు, ఎవరికి వినపడుతుంది. మాట్లాడుతూ ఉంటారు. చీరలు విప్పుతూ ఉంటారు.

పేజీ అంతా పసుపు వేళ్ళే. దీపం చూసి వచ్చాను. మళ్ళీ ఈయనకి ఫోన్ చేస్తున్నాను.

మోగుతోంది.